సెయింట్ ఆగస్టీన్ కోట ఇంగ్లీషువారికి ఎందుకు లొంగలేదు?

ప్రశ్న: ఫ్లోరిడా తీరాన స్పెయిన్‌వారు గవ్వరాతితో కట్టిన కోటను ఇంగ్లీషువారు రెండుసార్లు ముట్టడించి కూడా పట్టుకోలేకపోయారని చదివాను. అది ఆ రాతి మహిమేనా, మరేదైనా కారణం ఉందా? దయచేసి వివరించగలరు.
– ఒక పాఠకురాలు

జవాబు: రాతి పాత్ర లేకపోలేదు గాని, దానికి దక్కిన ఖ్యాతి కొంత ఎక్కువేనని మా అభిప్రాయం. 1668లో ఇంగ్లీషు సముద్రపు దొంగలు సెయింట్ ఆగస్టీన్ పట్టణాన్ని కొల్లగొట్టారు. 1670లో ఫ్లోరిడాకు ఉత్తరాన కరోలినాలో ఇంగ్లీషువారి చార్లెస్టన్ పట్టణం వెలిసింది. ఇక చెక్కకోటలను నమ్ముకుని లాభం లేదని స్పెయిన్‌వారు 1672లో కాస్టిల్లో డి సాన్ మార్కోస్ అనే ఈ రాతికోట నిర్మాణానికి పూనుకున్నారు. సమీపంలోని అనస్తాసియా దీవిలో దొరికే కోక్వినా అనే రాయి సముద్రజీవుల చిప్పల తునకలు కలిసి గట్టిపడగా ఏర్పడినది. ఫిరంగి గుండు తగిలితే అది బద్దలు కాదు, గుండే అందులో దిగబడిపోతుంది.

అయితే ముట్టడిలో చిక్కినవారికి గోడ ఎంత అవసరమో తిండీ అంతే అవసరం. 1702లో కరోలినా గవర్నరు జేమ్స్ మూర్ దండెత్తినప్పుడు పట్టణ ప్రజలు సుమారు 1,500 మంది కోటలోనే వారాల తరబడి తలదాచుకున్నారు; స్పెయిన్‌వారి క్యూబాలోని హవానా నుంచి నౌకలు రాగానే మూర్ ఊరిని తగులబెట్టి వెనుదిరిగాడు. 1740లో మరో ఇంగ్లీషు వలస అయిన జార్జియా నుంచి దండెత్తి వచ్చిన సేనాని ఓగ్లెథోర్ప్ 27 రోజులు గుండ్లు కురిపించినా, హవానా సరకులు కోటవారికి అందనే అందాయి. తుపానుల కాలం సమీపించడంతో ఇంగ్లీషు నౌకలు అక్కడ నిలవలేకపోయాయి.

అంతగా ప్రస్తావనకు రాని కారణం మరొకటి ఉంది. ఇంగ్లీషు వలసల నుంచి పారిపోయి వచ్చిన బానిసలు క్యాథలిక్ మతం స్వీకరిస్తే వారికి స్వేచ్ఛ ఇస్తామని స్పెయిన్ రాజు 1693లో ప్రకటించాడు. ఇందులో దయ ఎంత ఉన్నా, కరోలినా తోటల యజమానులను దెబ్బతీసే ఎత్తుగడ మాత్రం స్పష్టంగానే కనిపిస్తుంది. అలా వచ్చినవారికోసం ఫ్లోరిడాలోని స్పానిష్ గవర్నరు మాంటియానో 1738లో కోటకు ఉత్తరాన మోసే అనే ఊరు ఏర్పాటు చేశాడు. కరోలినా నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రాన్సిస్కో మెనెండెజ్ అక్కడి నల్లజాతి దళానికి నాయకుడు. ఓగ్లెథోర్ప్ మనుషులు మోసేను ఆక్రమించుకోగా, 1740 జూన్‌లో తెల్లవారకముందే స్పానిష్ సైనికులు, ఈ దళంవారు, స్థానిక ఆదివాసులు కలిసి వారిపై విరుచుకుపడ్డారు. ఇంగ్లీషు పక్షపు కర్నల్ పామర్‌తో సహా ఎందరో హతమయ్యారు. ముట్టడిదారుల ధైర్యం సడలడానికి, మా దృష్టిలో, గోడల కన్నా ఈ దెబ్బే ముఖ్యకారణం.

చివరికి ఫ్లోరిడా ఇంగ్లీషువారి వశమైంది యుద్ధంలో కాదు, ఒప్పందంలో. 1762లో తాము పట్టుకున్న హవానాను తిరిగి ఇచ్చేసి, 1763 పారిస్ సంధిలో వారు ఫ్లోరిడాను పుచ్చుకున్నారు. ఇంగ్లీషు పాలనలో ఉంటే మళ్లీ బానిసత్వం తప్పదని ఎరిగిన మోసేవాసులు స్పెయిన్‌వారితోపాటు క్యూబాకు తరలిపోయారు.