బ్యాంకుల నగదు తీసుకెళ్లే కంటెయినర్లను పోలీసులు దారిలో ఆపవచ్చా?

ఆపవచ్చు, ఎన్నికల నియమావళి అమల్లో ఉన్నప్పుడు రిజర్వు బ్యాంకుకు చేరాల్సిన సొమ్ముకైనా తనిఖీ తప్పదు, అయితే పత్రాలు సక్రమంగా ఉంటే బండిని వదిలిపెట్టాలి. దోపిడీ భయం వల్ల బయలుదేరే వేళను, వెళ్లే దారిని గోప్యంగా ఉంచుతారే తప్ప, ఆ గోప్యత చట్టం నుంచి మినహాయింపు కాదు. అందుకే ఎంత సొమ్ము ఏ బ్యాంకు నుంచి ఎక్కడికి వెళుతోందో తెలిపే లేఖ, సిబ్బంది గుర్తింపు కార్డులు బండిలోనే ఉండాలి.

2024 మే మొదట్లో, పోలింగు సుమారు పది రోజుల్లో ఉందనగా, అనంతపురం జిల్లా పామిడి దగ్గర ఆపిన నాలుగు కంటెయినర్లలో సుమారు 2,000 కోట్ల రూపాయలు కనిపించాయి. కేరళ నుంచి హైదరాబాదులోని రిజర్వు బ్యాంకుకు వెళుతున్న ఆ సొమ్ము పత్రాలను అధికారులు సరిచూసి పంపించేశారు. అంత డబ్బుకు కంటెయినర్లు ఎందుకని ఆశ్చర్యపోనక్కరలేదు: అన్నీ 500 నోట్లే అనుకున్నా అవి 4 కోట్ల నోట్లు, ఒక్కో నోటు గ్రాముకు కాస్త పైనే తూగుతుంది కనుక మొత్తం బరువు 40 టన్నులు దాటుతుంది.

ఇలాంటి వార్త రాగానే ఏదో పార్టీ సొమ్ము పట్టుబడిందని, డ్రైవర్లు దొంగ రవాణాదారులని చాలామంది అనుకుంటారు. తనిఖీ కోసం ఆపడం వేరు, జప్తు చేయడం వేరు. లెక్క లేఖతో సరిపోలనప్పుడే రెండోదాని ప్రస్తావన వస్తుంది. డ్రైవరు విషయానికొస్తే, అతను బండి నడిపే ఉద్యోగి మాత్రమే, లోపలి సొమ్ముకు జవాబుదారీ దానిని పంపిన బ్యాంకుదే.