కిసో కొండల గిన్నె, కోనసీమ వంటిల్లు

జపాన్ లక్కసామాను, అంటే చెట్టు సొనతో పూత వేసిన చెక్క సామాను గురించి గోదావరి డెల్టా పాఠకులు పంపిన కొన్ని ప్రశ్నలను ఈ సంచికలో ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి నగోయాలో ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు లోపల ఎరుపు, వెలుపల నలుపు ఉన్న చెక్క గిన్నెలు రెండు తెచ్చాడు. 'కిసో హిరసావా' అనే కొండ ఊరిలో చేసినవని చెప్పాడు తప్ప అంతకు మించి వాడికీ తెలియదు. ఆ ఊరు ఎక్కడుంది? ఈ పని అక్కడే ఎందుకు స్థిరపడింది?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: కిసో హిరసావా జపాన్ ప్రధాన ద్వీపం నడిమి కొండల్లో, నగానో ప్రిఫెక్చర్‌లో, కిసో లోయ ఉత్తరపు కొసన సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. 2005లో షియోజిరి నగరంలో కలిసేదాకా అది నరకవా అనే గ్రామంలో భాగంగా ఉండేది. డెల్టాలో పుట్టి పెరిగిన వారికి ఆ నేలను ఊహించుకోవడం కాస్త కష్టమే. రెండు పక్కలా కొండలు, మధ్య ఇరుకైన లోయ, అందులో ఒక ఏరు, ఏటి వెంబడి ఒక దారి, ఆ దారికి అటూ ఇటూ ఆనుకుని ఇళ్లు. వరి పండించడానికి చదునైన నేల బహు తక్కువ. అందువల్ల అక్కడి వారి జీవనం మొదటినుంచీ అడవి మీద, ఆ దారి మీద ఆధారపడి సాగింది.

ఆ దారి పేరు నకసెన్‌దో. ఇప్పటి టోక్యో అయిన ఎదో నగరాన్ని కొండల మీదుగా క్యోటోతో కలిపిన ఈ రాజమార్గంలో 69 మజిలీ ఊళ్లు ఉండేవి. వాటిలో 34వదైన నరాయి హిరసావాకు పొరుగూరు. ఎదురుగా ఉన్న తొరీ కనుమ ఎక్కబోయే బాటసారులు నరాయిలో బస చేసి, మూటలో బరువు పెరగని వస్తువులను, అంటే పూత వేసిన దువ్వెనలను, పలుచని చెక్కను వంచి చేసిన అన్నం డబ్బాలను కొనుక్కుని వెళ్లేవారు. హిరసావా వారు చెక్క సామానుకు పూత వేయడాన్నే కులవృత్తి అన్నంత గట్టిగా పట్టుకున్నారు.

కలప చుట్టూ ఉన్నా అది వారి చేతిలో లేదు. ఓవారి ప్రభువుల ఏలుబడిలో హినోకి, సవారా, నెజుకో, అసునారో, కోయమకి అనే అయిదు జాతుల చెట్లను నరకకూడదని కట్టడి ఉండేది. 'చెట్టుకొక తల' అనే మాట ఆ శిక్షల కాఠిన్యాన్ని తలచుకుంటూ నేటికీ అక్కడ చెప్పుకుంటారు. లోయలోని ఊళ్లకు ఏటా కొంత కలపను మాత్రం వాటాగా విడిచిపెట్టేవారు. ఆ కొద్దిపాటి కలపతోనే ఎక్కువ ధర పలికే వస్తువు చేయవలసి రావడమే ఈ ఊళ్లలో చేతినేర్పును పెంచిందని నా అభిప్రాయం.

ఇక మట్టి సంగతి. మేజీ చక్రవర్తి కాలపు తొలి రోజుల్లో, అంటే 19వ శతాబ్దం చివరి పాదంలో, నరాయి దగ్గర ఇనుము పాలు ఎక్కువగా ఉన్న ఒక బంకమట్టి బయటపడింది. దాన్ని మెత్తగా నూరి, నీటితో తడిపి, చెట్టు నుంచి తీసిన పచ్చి సొనతో కలిపి అడుగుపూతగా వేస్తే పూత రాయిలా గట్టిపడుతుంది. అంతవరకు చిన్నచిన్న సామానుతో సరిపెట్టుకున్న హిరసావా ఆ తరువాత రోజూ పదిమంది చేతులు పడే పెద్ద భోజనపు బల్లల దాకా ఎదగగలిగింది. రాజమార్గం మీద రాకపోకలు తగ్గిపోయి చాలా మజిలీ ఊళ్లు కళ తప్పిన కాలంలో ఈ ఊరు నిలదొక్కుకున్నదంటే అందులో ఈ మట్టి చలవ చాలా ఉంది.

మీ చేతిలోని గిన్నె ఎలా తయారై ఉంటుందో కూడా చెప్పాలి. బాగా ఆరిన చెక్కను తొలిచి గిన్నె చేసి, ముందుగా దానికి పచ్చి సొన పట్టిస్తారు. శ్రద్ధగా చేసే గిన్నెలకు దెబ్బ తగిలే అంచు చుట్టూ సన్నని గుడ్డపేలికను అంటిస్తారు. ఆ అంటించే జిగురు బియ్యప్పిండిని ఉడికించి సొనతో కలిపినదే. ఆపైన మట్టి కలిపిన పూతను హినోకి చెక్క గరిటెతో పరిచి, ఆరాక సానరాయితో నునుపు చేస్తారు. నడిమి పూత వేసి దాన్నీ అరగదీస్తారు. చివరి పూతకు ముందు సొనను పలుచని కాగితంలో మూటకట్టి పిండి వడగడతారు. పూత వేసే కుంచె మనిషి జుట్టుతో చేసినది. జుట్టు కుంచె కొసకు మాత్రమే కాక రెండు చెక్కపలకల మధ్య పిడి లోపలి దాకా ఉంటుంది కనుక, అరిగినప్పుడల్లా పెన్సిలు చెక్కినట్టు చెక్కి కొత్త కొస తీసుకుంటారు.

ఈ పనికి ధూళి పరమ శత్రువు. హిరసావాలో దారివైపు దుకాణం, దాని వెనుక కాపురం ఉండే ఇల్లు, పెరటిలో మందమైన మట్టిగోడల కొట్టు ఉంటాయి. 'నురిగురా' అనే ఆ కొట్టులోనే పూత పని జరుగుతుంది. బయట వేసవి అయినా, మంచు కురుస్తున్నా లోపలి వేడిమి, తేమ త్వరగా మారకుండా ఆ గోడలు కాపాడతాయి.

జపాన్ ప్రభుత్వం కిసో లక్కసామానును 1975లో సంప్రదాయ హస్తకళగా గుర్తించింది. 1978లో నరాయిని, 2006లో హిరసావాను పరిరక్షించవలసిన చారిత్రక ఊళ్ల జాబితాలో చేర్చారు. 1998 నగానో శీతాకాల ఒలింపిక్స్ పతకాల మీది పూత పని కూడా కిసో కళాకారులదే. అయితే వీటన్నిటి కంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న విషయం మరొకటి ఉంది. ఆ ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం ఈ లక్క గిన్నెలలోనే వడ్డిస్తారు. ఏడెనిమిదేళ్ల పిల్లలు రోజూ తిని, కడిగి, అప్పుడప్పుడు కింద పడేసే గిన్నెలు అవి. అద్దాల బీరువాలో పెట్టి చూపించే కళకు ఎంత పేరు వచ్చినా, సొంత ఊరి పిల్లల చేతుల్లో లేకపోతే అది ఎక్కువ కాలం నిలవదని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: ఇది మన ఏటికొప్పాక బొమ్మలకు వేసే లక్క వంటిదేనా?
– ఒక ఉపాధ్యాయుడు, పాలకొల్లు

జవాబు: కాదు. రెండింటికీ మూలమే వేరు. ఏటికొప్పాకలో వాడే లక్కను చెట్ల కొమ్మల మీద బతికే ఒక చిన్న పురుగు తయారుచేస్తుంది. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని దానికి అదిమితే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. జపాన్ వారిది చెట్టు సొన. ఆ చెట్టును, సొనను కూడా ఉరుషి అంటారు. పది పదిహేనేళ్లు పెరిగిన చెట్టు బెరడు మీద వేసవి నుంచి శరత్కాలం దాకా గాట్లు పెడుతూ సొనను బొట్టుబొట్టుగా గీకి తీస్తారు. ఒక చెట్టు మొత్తం మీద ఇచ్చేది సుమారు 200 గ్రాములు మాత్రమే. తరువాత దాన్ని నరికివేస్తే మొదలు నుంచి కొత్త చిగురు వస్తుంది.

గుణంలో కూడా తేడా ఉంది. పురుగు లక్క వేడికి మెత్తబడుతుంది, సారాయిలో కరుగుతుంది. ఉరుషి ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. వేడి పులుసుకు గానీ, పులుపుకు గానీ, ఉప్పుకు గానీ చెక్కుచెదరదు. గట్టిపడే తీరు మరీ విచిత్రమైనది. మన వడియాలకు ఎర్రటి ఎండ కావాలి. ఉరుషికి తడిగాలి కావాలి. సొనలో సహజంగా ఉండే లాకేస్ అనే ఎంజైము, గాలిలో తేమ 70 నుంచి 80 శాతం, వేడిమి 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు గాలిలోని ప్రాణవాయువును అందుకుని, ఉరుషియాల్ అనే పదార్థపు అణువులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. అందుకే పూత వేసిన సామానును తేమ పట్టించిన చెక్క అలమరలో ఉంచుతారు. పూత ఒక పక్కకు జారకుండా మధ్యమధ్య సామానును తిప్పుతూ ఉంటారు.

ప్రశ్న: మాది మోరి దగ్గర ఊరు. జీడిపిక్కలు ఒలిచే పనిలో నాకు చేతులు పొక్కడం, దురద రావడం మామూలే. మా కోడలు ఇలాంటి గిన్నె కొనాలంటోంది. నేను వాడవచ్చునా?
– ఒక పాఠకురాలు, సఖినేటిపల్లి మండలం

జవాబు: మీరు ఈ ప్రశ్న అడగడం చాలా మంచిదయింది. జీడిమామిడి, మామిడి, నల్లజీడి, ఉరుషి అన్నీ ఒకే కుటుంబానికి చెందిన చెట్లు. జీడిపిక్క పెంకులోని నూనె, మామిడికాయ తొడిమ దగ్గర కారే సొన చర్మాన్ని పొక్కించడానికి కారణమైన పదార్థాలు, ఉరుషియాల్‌కు దగ్గరి బంధువులు. హిరసావాలో పని నేర్చుకునే కొత్తవారు కూడా మొదట్లో ఇదే దురదతో బాధపడతారు. అయితే ఆ బాధ పచ్చి సొనతోనే. పూర్తిగా గట్టిపడిన పూతలో అణువులు ముడిపడిపోయి ఉంటాయి కనుక, వాటితో సామాన్యంగా ఏ ఇబ్బందీ రాదు. మీకు చర్మం త్వరగా పొక్కే గుణం ఉంది కాబట్టి, కొన్న వెంటనే వాడకుండా కొన్ని నెలలు గాలి తగిలేచోట ఉంచి, మొదట ఇంట్లో ఇతరుల చేత వాడించండి. మీకు ఏమాత్రం దురద అనిపించినా వాడకం మానివేసి చర్మవైద్యులకు చూపించుకోండి.

కొనేటప్పుడు చీటీ చదివించుకోండి. గిన్నె దేనితో చేశారు, పైపూత ఏ రకం అన్నవి జపాన్‌లో ఈ సామాను చీటీ మీద రాయాలని చట్టం ఉంది. 'సహజమైన చెక్క', 'ఉరుషి పూత' అని రెండూ ఉంటేనే అసలైనది. ప్లాస్టిక్ గిన్నెకు యూరిథేన్ రంగు వేసినవి చూపులకు అచ్చం ఇలాగే ఉంటాయి. కొన్నిటి మీద 'కాష్యూ పూత' అని కూడా ఉంటుంది. అది జీడిపిక్క పెంకు నూనెతో తయారుచేసే రంగు. ఉరుషి కంటే చవకైనది. మోసమేమీ కాదు గానీ ఉరుషి ధరకు దాన్ని కొనకూడదు.

ప్రశ్న: వానాకాలంలో మా ఇంట్లో తలుపులు ఉబ్బిపోతాయి, చెక్కపెట్టెలకు బూజు పడుతుంది. ఈ గిన్నెలు మన గాలికి తట్టుకుంటాయా? వాటిలో చారు, పులుసు పోసుకోవచ్చునా?
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: మన తేమ గాలికి భయపడనక్కరలేదు. ఉరుషి సామానుకు చేటు చేసేది అతి పొడి గాలి, నేరుగా పడే ఎండ. కడిగిన స్టీలు గిన్నెలతో పాటు వీటిని కూడా పెరట్లో ఎండలో బోర్లించే అలవాటును మాత్రం మానుకోవాలి. ఎండకు పూత మెరుపు పోయి పొడిబారుతుంది. రాత్రంతా ఏసీ నడిచే గదిలోని బీరువా కంటే వంటింటి అలమరే వీటికి క్షేమం.

చారు, పులుసు నిశ్చింతగా పోసుకోవచ్చు. జపాన్ వారు రోజూ వేడి మిసో సూపు తాగేది వీటిలోనే. పొయ్యి మీద మరుగుతున్నదాన్ని అప్పటికప్పుడు పోయకుండా ఒక్క నిమిషం ఆగితే మేలు. కాగిన నూనెతో తాలింపు మాత్రం వీటిలో వేయకూడదు. మైక్రోవేవ్, గిన్నెలు కడిగే యంత్రం పనికిరావు. స్టీలు చెంచాకు బదులు చెక్క చెంచా వాడండి. తిన్న వెంటనే గోరువెచ్చని నీళ్లతో, మెత్తని గుడ్డతో, కొద్దిపాటి సబ్బుతో కడిగి, పొడిగుడ్డతో తుడవండి. కొబ్బరిపీచు, బూడిద, స్టీలు పీచు దగ్గరకు రానివ్వకండి. రాత్రంతా నీళ్లలో నానబెట్టడం అన్నిటికంటే చెడ్డది. పూతలో ఎక్కడైనా చిన్న బీట ఉంటే నీరు చెక్కలోకి దిగి ఉబ్బుతుంది.

కొత్త గిన్నెకు కొంత వాసన ఉంటుంది. జపాన్ ఇళ్లలో దాన్ని కొన్నాళ్లు బియ్యం డబ్బాలో పూడ్చి ఉంచుతారు. బియ్యానికి కరువు లేని మన డెల్టాలో ఆ ఉపాయం పాటించడం కష్టమేమీ కాదు. అంచు పెచ్చు ఊడితే పారేయకండి. చేసిన దుకాణానికి పంపితే చాలామంది కొత్త పూత వేసి ఇస్తారు. ఖర్చు తక్కువేమీ కాదు. అయినా తరతరాలు వాడదగిన వస్తువుకు ఆ ఖర్చు పెట్టడం న్యాయమే.

ప్రశ్న: వచ్చే ఏడాది జపాన్ వెళుతున్నాము. ఆ ఊరిని చూడాలంటే ఏ కాలం మంచిది?
– దంపతులు, రాజమహేంద్రవరం

జవాబు: జూన్ మొదటి వారాంతంలో హిరసావాలో లక్కసామాను పండుగ జరుగుతుంది. అప్పుడు దారి పొడవునా దుకాణాలు వెలుస్తాయి, ధరలు కూడా కాస్త తగ్గుతాయి. పని జరుగుతుండగా తీరికగా చూడాలంటే మాత్రం పండుగ రోజులు వదిలి మరో రోజు వెళ్లండి. నగోయా నుంచి షియోజిరికి వేగబండిలో దాదాపు రెండు గంటల ప్రయాణం; అక్కడినుంచి మామూలు బండిలో కిసో హిరసావా స్టేషనులో దిగాలి. ఊళ్లో లక్కసామాను ప్రదర్శనశాల ఉంది. తరువాతి స్టేషనే నరాయి. సుమారు కిలోమీటరు పొడవున బారులు తీరిన పాత చెక్క ఇళ్ల మధ్య నెమ్మదిగా నడిచి చూడడానికి ఒక పూట కేటాయించుకోండి. సాయంత్రం బండ్లు తక్కువగా ఉంటాయి కనుక తిరుగు బండి వేళను దిగిన వెంటనే చూసుకోండి.