వర్జీనియాలో బానిసత్వం ఎలా పాతుకుపోయింది?

ప్రశ్న: మేం వర్జీనియా పొగాకు పండిస్తాం. ఆ వర్జీనియాలో మొదట తెల్ల కూలీలే ఎక్కువట. మరి బానిసత్వం ఎలా స్థిరపడింది?
– ఒక రైతు, గుంటూరు జిల్లా

జవాబు: వర్జీనియా అప్పట్లో అమెరికాలో ఇంగ్లండు వలస ప్రాంతం. 1612 ప్రాంతంలో జాన్ రోల్ఫ్ అనే వలసదారు పొగాకు వేశాక అక్కడి డబ్బంతా ఆ ఆకుదే. అది మూడు నాలుగేళ్లలో నేలసారం పీల్చేస్తుంది. మళ్లీ అడవి నరకాలి, అందుకు మనుషులు కావాలి. ఓడ ఖర్చు భరించి ఒకరిని తెచ్చినవారికి 50 ఎకరాలు ఇచ్చేవారు. అలా వచ్చిన ఇంగ్లండు పేదలు ఒప్పందం ప్రకారం నాలుగు నుంచి ఏడేళ్లు చాకిరీ చేసేవారు. చాలామంది గడువు తీరకముందే జబ్బులతో పోయేవారు. 1660 తర్వాత ఇంగ్లండులోనే కూలి పెరిగి, రాక తగ్గింది. దాంతో భూస్వాములు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల వైపు మళ్లారు. గవర్నరుపై తెల్ల పేదలూ నల్లవారూ కలిసి తిరగబడ్డ 1676 నాటి బేకన్ తిరుగుబాటే ఈ మార్పుకు కారణమని కొందరంటారు గానీ, అదొక్కటే కాదు. చట్టాలు అంతకుముందే మొదలయ్యాయి: తల్లి బానిసైతే బిడ్డా బానిసేనని 1662లోనే రాశారు. 1705లో బానిసలను ఏకంగా స్థిరాస్తిగా లెక్కగట్టారు.