లాఠీ ఎవరి కోసం ఎత్తారు?

కావలి ప్రాంతం నుంచి ఒక జైలు వార్డర్ రాసిన ఉత్తరం ఇది. సాయంత్రం లాకప్ వేళ ఒక రిమాండ్ ఖైదీ బ్యారక్ ముందు బైఠాయించి లోపలికి వెళ్లనంటే, ఈయన చేయి చేసుకోకుండా, హెడ్ వార్డర్ వచ్చేదాకా నచ్చజెప్పి పంపారు. అదే శాఖలో పనిచేసి రిటైరైన మేనమామకు, పిల్లనిచ్చిన మామ కూడా ఆయనే, ఈ సంగతి తెలిసింది. ఆదివారం కోవూరులో వాళ్లింట చేపల పులుసు వడ్డిస్తుండగా, బావమరిది ఎదుటే, "మెతకవాడికి యూనిఫారం ఎందుకురా, రెండు తగిలిస్తే వాడే లేచేవాడు" అన్నారట. తర్వాతి వారం, అన్నం చాలలేదని గొడవపడిన మరో ఖైదీని ఈయన లాఠీతో కొట్టారు. అప్పటినుంచి నిద్ర లేదు. ఎంత బలం వాడితే సబబో చెప్పమంటున్నారు.

ఆ ప్రశ్నకు జవాబు మీకు తెలుసు. ఖైదీలతో ఎలా మెలగాలో చెబుతూ ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 82వది చెప్పేది ఇదే: ఆత్మరక్షణకు, పారిపోయేవాణ్ణి ఆపడానికి, చట్టబద్ధమైన ఉత్తర్వును ప్రతిఘటించినప్పుడు మాత్రమే బలం వాడాలి, అదీ తప్పనిసరైనంత మేరకే, ఆ వెంటనే పైఅధికారికి తెలియజేయాలి. కదలకుండా కూర్చోవడమూ ప్రతిఘటనే కనుక, ఆ రోజు నలుగురు కలిసి అతణ్ణి ఎత్తి లోపలికి చేర్చినా తప్పయ్యేది కాదు. కానీ అతను ఎవరి మీదికీ రాలేదు, వ్యవధి ఉంది, తోడు వస్తోంది, మాట పనిచేస్తోంది. అలాంటప్పుడు చేతికి పనేముంది? అన్నం దగ్గర నోరు చేసుకున్నవాడైతే ఆ మూడింటిలో దేని కిందికీ రాడు. అతని మాట జైలు నేరమే అనుకున్నా, 1894 నాటి కారాగారాల చట్టం ప్రకారం విచారించి శిక్ష వేయాల్సింది సూపరింటెండెంటు, దాన్ని శిక్షల పుస్తకంలో నమోదు చేయాలి.

అంటే, మెతకతనమని మామ వెక్కిరించిన రోజున మీరు ఉద్యోగం సరిగ్గా చేశారు, ఆయన మెచ్చే పని చేసిన రోజున తప్పారు. ఆ దెబ్బ ఖైదీ ఒంటి మీద పడింది గానీ, మీరు లాఠీ ఎత్తింది కోవూరులో కూర్చున్న మనిషికి చూపించడానికి. మీ సమస్య జైల్లో లేదు.

చదివించాడు, పిల్లనిచ్చాడు, కాదనలేనంటున్నారు. మేనమామ కాళ్లకు దండం పెట్టండి, ముసలితనంలో చూసుకోండి, అది మీ ధర్మం. ఒంటిమీది యూనిఫారం మాత్రం ఆయన పెట్టిన భిక్ష కాదు. పెద్దరికం పేరుతో అల్లుణ్ణి అన్నం ముందు చులకన చేసేవారి మాట వినడాన్ని నేను గౌరవం అనను. ఈసారి జైలు ఊసెత్తితే, "మామా, ఆ సంగతి నాకు వదిలెయ్" అని బావమరిది ఎదుటే చెప్పండి. అంతకుముందే మీ భార్యకు జరిగిందంతా చెప్పండి, ఆమె పుట్టింటి నుంచి వినకూడదు.

గోడ లోపలిది బయటికి రాదని ఆయన ధైర్యం చెప్పారట. ఢిల్లీ తీహార్ జైల్లో తన తోటి ఖైదీని ఒక వార్డర్ హింసించాడని సునీల్ బాత్రా అనే ఖైదీ రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుని నలభై ఏళ్లు దాటింది. ఆయన సర్వీసులో ఉండగా ఇది వినలేదంటే నమ్మను.

ఇంత పెద్ద ఉత్తరంలో దెబ్బ తిన్న మనిషి ఎలా ఉన్నాడో ఒక్క ముక్క లేదు. అతణ్ణి జైలు డాక్టరు చూశారా? లేకపోతే ఈ పూటే చూపించి, జరిగింది జరిగినట్టు సూపరింటెండెంటుకు రాసివ్వండి. శిక్ష వస్తే వస్తుంది. ఆ కాగితం ఇచ్చాకే కోవూరు వెళ్లండి.