కాలువ నీళ్ల దగ్గర రైతులు రెండు జట్లుగా చీలిపోతారెందుకు? జంతువుల్లోనూ ఇలా ఉంటుందా?

ఉంటుంది. కోనసీమ తోటల్లో ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమల్నే చూడండి. వేరే దండు చీమను వాసనతోనే పసిగట్టి, సరిహద్దులో కలబడతాయి. తమాషా ఏమిటంటే అక్కడ కాపలా ఎక్కువగా ముసలి చీమలదే! (మన దగ్గర కుర్రాళ్లని ముందుకు తోస్తాం.) టాంజానియాలోని గోంబేలో అయితే ఒకప్పుడు కలిసి తిరిగిన చింపాంజీలే రెండు గుంపులయ్యాయి. 1974-78 మధ్య పెద్ద గుంపు చిన్న గుంపులోని మగవాటిని ఒక్కొక్కటిగా మట్టుబెట్టింది.

డెల్టాలో దాళ్వాకి (రబీ వరికి) నీరు తగ్గితే ఎగువ రైతుకీ శివారు రైతుకీ టెన్షనే. శివారుకి నీళ్లు చివర్లో అందుతాయి కాబట్టి అనుమానమూ అక్కడే ఎక్కువ. అయితే మనుషులు వంతులు పెట్టుకోగలరు, జట్లూ మార్చుకోగలరు. కాలువ గట్టు మీద తిట్టుకున్నవాళ్లే సంక్రాంతికి పక్క ఊరి మీద ఒకే జట్టు.