కరువు చెట్టు కదా అని జునిపర్‌ని నాటి వదిలేయకండి

కొలరాడోలో ఇంటి వెనక జాగాలో రాకీ మౌంటెన్ జునిపర్ (ఏడాదంతా పచ్చగా ఉండే, కరువును తట్టుకునే చెట్టు) పెట్టాలనుకుంటున్నారు, నాటి వదిలేస్తే బతుకుతుందా అని అడిగారు. బతకదు. వేర్లు నేలలోకి పారాకే దానికి కరువును తట్టుకునే శక్తి వస్తుంది. అప్పటిదాకా అది కుండీ మొక్కే. యూటాలోని లోగన్ కాన్యన్‌లో జార్డిన్ జునిపర్ అని ఇదే జాతి చెట్టు సుమారు 1500 ఏళ్లుగా సున్నపురాయి గుట్ట మీద నిలబడి ఉంది. దానికి ఎవరూ నీళ్లు పోయలేదు, నిజమే. కానీ దాన్ని ఎవరూ నర్సరీ డబ్బాలో పెంచలేదు కూడా.

నా మొదటి చెట్టు ఆరడుగులది, చాలా డబ్బు పోసి కొన్నాను. బంకమట్టిలో లోతుగా గొయ్యి తవ్వి, నిండా కొన్న కంపోస్టు నింపి, లాన్ డ్రిప్ లైనే దానికీ కలిపాను. వేసవంతా పచ్చగానే ఉంది. సెప్టెంబర్‌లో రెండు వారాల్లో ఎండుగడ్డి రంగుకు తిరిగింది. అప్పుడు నాన్న మా దగ్గరే ఉన్నారు. జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి. గునపం తీసుకుని పక్కన తవ్వారు. మురుగు కంపు కొట్టింది. చెట్టు ఊపితే చేతిలోకి వచ్చేసింది. వేర్లు నల్లబడి, ఇంకా డబ్బా ఆకారంలోనే చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. "నువ్వు చెట్టు నాటలేదురా, నీళ్ల కుండలో పెట్టావు" అన్నారు. జునిపర్ వేర్లు చచ్చాక కూడా వారాల తరబడి పైకి పచ్చగానే కనిపిస్తుంది. మనకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

రెండోసారి ఒక గాలన్ డబ్బాలో ఉన్న చిన్న మొక్క తెచ్చాను. పెద్దది కొనొద్దు, చిన్నదే త్వరగా నేల పట్టుకుంటుంది. చుట్టుకున్న వేర్లు విడదీసి, గొయ్యి వేర్ల ముద్దకు మూడింతల వెడల్పు తవ్వి, లోతు మాత్రం ముద్ద నేలకు అంగుళం పైకి ఉండేలా చూశాను. తవ్విన మట్టే మళ్లీ వేశాను. మొదటి వేసవి వారానికోసారి నిండుగా నీళ్లు, అదీ వేలు గుచ్చి చూసి మట్టి ఆరితేనే. రెండో ఏడాది మూడు వారాలకోసారి. చలికాలంలో నెలరోజులు మంచు పడకపోతే, 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజు మధ్యాహ్నం ఒకసారి పోయాలి. ఇక్కడి చలికాలపు పొడిగాలి కూడా మొక్కల్ని చంపుతుంది. మూడో ఏడాది నుంచి నేను నీళ్లు పెట్టలేదు.

ఇంకో మాట చెప్పాలి. ఏడాదికి 15 అంగుళాల వానైనా సరిగ్గా పడని డెన్వర్ చుట్టుపక్కల, ముందు జాగాలో లాన్ తీసేశానని మా కాలనీ అసోసియేషన్ నాకు నోటీసు పంపింది. తక్కువ నీళ్లతో పెంచే తోటను జెరిస్కేప్ అంటారు, ఆ మాటే 1981లో డెన్వర్ నీటి సంస్థలో పుట్టింది. అలాంటి తోటలను అసోసియేషన్లు నిషేధించకూడదని రాష్ట్ర చట్టమే ఉంది. ఆ చట్టం చూపించాక ఊరుకున్నారు. లాన్ బదులు ప్లాస్టిక్ షీటు పరిచి పైన రాళ్లు పోసేవాళ్లను చూసినా నాకు బాధే. ఆ షీటు కింద మట్టికి ఊపిరి ఆడదు.

ఆపిల్ చెట్టు ఉంటే దగ్గర్లో జునిపర్ పెట్టకండి, తుప్పు తెగులు రెండింటి మధ్యా తిరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం నిప్పు. దీని ఆకుల్లో నూనె ఉంటుంది, భగ్గున అంటుకుంటుంది. 2021 డిసెంబర్ 30న మార్షల్ ఫైర్ అనే కార్చిచ్చులో ఇక్కడి బౌల్డర్ కౌంటీలో వెయ్యికి పైగా ఇళ్లు కాలిపోయాయి. కిటికీ కింద అందంగా ఉంటుందని ఎవరు చెప్పినా వినకండి. టేపు పట్టుకుని ఇంటి గోడ నుంచి 30 అడుగులు కొలిచి, ఆ అవతల గొయ్యి తవ్వండి.