భార్యాభర్తలు విడిపోయాక, బిడ్డతో ఫోన్‌లో మాట్లాడించమని కోర్టు చెప్పినా బిడ్డను దగ్గర ఉంచుకున్న అవతలివాళ్లు ఫోన్ ఎత్తకపోతే ఏం చేయాలి?

పోలీసుల దగ్గరికి వెళ్తే సాధారణంగా "కోర్టులోనే తేల్చుకోండి" అంటారు. ఆర్డర్ ఇచ్చిన ఫ్యామిలీ కోర్టులోనే, 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 18 కింద అమలు పిటిషన్ వేయాలి. కావాలనే ధిక్కరిస్తున్నారని చూపగలిగితే హైకోర్టులో కోర్టు ధిక్కార పిటిషన్‌కూ దారి ఉంది, కానీ ఏడాది దాటనివ్వకండి.

దేనికైనా రుజువు కావాలి. ఆర్డర్‌లో ఉన్న టైముకే కాల్ చేయండి, స్క్రీన్‌షాట్లు దాచుకోండి, "ఏడింటికి చేశాను, మళ్లీ ఎప్పుడు చేయమంటారు?" అని మర్యాదగా మెసేజ్ పెట్టండి. కోపంలో పెట్టిన ఒక్క వాట్సాప్ మెసేజ్ చాలు, కేసు మీకే అడ్డం తిరగడానికి.

చాలాసార్లు అసలు లోపం ఆర్డర్‌లోనే ఉంటుంది. "వీలైనప్పుడు మాట్లాడించాలి" అని రాసుంటే ఎవరినీ పట్టుకోలేం. రోజు, టైము, నంబరు, ఎంతసేపు, ఒక కాల్ తప్పితే బదులు ఎప్పుడు అన్నవన్నీ చేర్చమని సవరణ అడగండి. కస్టడీ లేని తల్లి లేదా తండ్రికి రోజూ 5-10 నిమిషాలు బిడ్డతో మాట్లాడే హక్కు ఉండాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అమెరికాలో ఉండి ఇక్కడ కేసు నడిపేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

మాట్లాడించడం లేదని భరణం మాత్రం ఆపకండి. అది వేరే ఆర్డర్, ఆపితే అమలు పిటిషన్ మీ మీదే పడుతుంది.